ముందుగా ఏ నాణెం?

ఫిల్మ్‌నగర్ గుట్ట వాలులో, రాళ్ళ నడుమ రెండు గదుల ఇల్లు. ఆ ఇంటాయన నాకు పాతికేళ్ళ మిత్రుడు. తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు వదలి హైదరాబాదుకు తరలివచ్చిన కాలంలో దానితోపాటే తరలివచ్చినవాడు. కళాదర్శకుల దగ్గర సహాయకుడిగా ముప్ఫైయేళ్ళకు పైబడి పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. కొలువుకూటాలకు సింహాసనాలు, రాణివాసాలకు దీపపు సెమ్మెలు, సాహసవీరుడి నడుముకు డబ్బు సంచి సమకూర్చడం ఆయన వృత్తి. ఆ డబ్బు సంచిలో ఏముండాలి అన్న ప్రశ్న దగ్గర పుట్టింది ఆయన నాణేల వ్యసనం.

మొన్నొక ఆదివారం కబురు పెడితే వెళ్ళాను. మంచం కిందనుండి రేకుపెట్టె లాగి నా ముందుంచాడు. "మేష్టారూ, ఇందులోంచి కొన్ని అమ్మాలి. మా ఆవిడ మోకాలికి ఆపరేషన్ తప్పదన్నారు. నెలరోజులు గడువుంది. బంగారువి తీసేస్తే ఒక్క దెబ్బతో పని అయిపోతుంది కదా, ఏమంటారు?" అన్నాడు.

వెంటనే ఏమీ అనలేకపోయాను. ఆ పెట్టె ముందు మూడు సాయంత్రాలు కూర్చున్నాం. ఆ మూడు సాయంత్రాలలో మేము తేల్చుకున్న లెక్కే ఈ టపా. ఇంట్లో తాతగారి డబ్బాలో నాలుగు పాత రూపాయలున్న చదువరులకు పనికివస్తుందని రాస్తున్నాను.

నాణేనికి మూడు విలువలుంటాయి. మొదటిది లోహపు విలువ. ఇది త్రాసు చెబుతుంది. రెండవది అరుదుతనపు విలువ. ఇది సేకర్తల కోరిక చెబుతుంది. మూడవది సాక్ష్యపు విలువ. ఇది ఆ నాణెం ఎక్కడ, వేటితో కలిసి దొరికిందో తెలిసినప్పుడే ఉంటుంది. మొదటి రెండూ నాణెంతో పాటు కొన్నవాడి ఇంటికి పోతాయి, కాని నశించవు. మూడవది అట్లా కాదు. అజాగ్రత్తగా అమ్మితే అది ఎవరికీ దక్కకుండా పోతుంది. అవసరం తరుముకొస్తున్నవాడికి మొదటి విలువ తప్ప మరొకటి కనబడకపోవడం సహజం. అందుకే అందరి చెయ్యీ మొట్టమొదట బంగారం మీదికి పోతుంది.

అట్లా పోయిన కథ ఒకటి మా మిత్రుని ఇంటికి ఎంతో దూరంలో లేదు. ఫిల్మ్‌నగర్ నుండి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ముందుకు వెళితే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం వస్తుంది. పొద్దుటిపూట నడకకు వచ్చేవారితో కిటకిటలాడే ఆ అడవిని 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. దాని లోపల చెట్ల మాటున చిరాన్ ప్యాలెస్ ఉంది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ మనుమడు ముకర్రం జా వారిది. 1967లో తాతగారు గతించాక ఎనిమిదవ నిజాముగా పేరు దక్కించుకున్నది ఈయనే. పేరుతోపాటు అంతులేని ఆస్తి, దానిని మించిన వ్యాజ్యాలు, వేలాది పరివారపు పోషణభారం కూడా దక్కాయి. తరువాతి కాలంలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం నడిపి, చివరకు టర్కీలో నివసించి, 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. మక్కా మసీదులో పూర్వీకుల సరసన ఆయనను ఖననం చేశారు.

ఆ వంశం చేతిలో ఉన్నదిగా చెప్పబడిన ఒక నాణెం లోకంలోకెల్లా పెద్ద బంగారు నాణేలలో ఒకటి. జహంగీరు పాదుషా ఆగ్రాలో హిజ్రీ 1022లో, అంటే క్రీస్తుశకం 1613 ప్రాంతాన, ముద్రింపించిన వెయ్యి తులాల మొహరు. బరువు ఇంచుమించు పన్నెండు కిలోలు, అడ్డుకొలత ఇరవై సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అంగడిలో చెల్లడానికి చేసింది కాదు, పాదుషా దర్పాన్ని చూపడానికి చేసింది. 1987 నవంబరులో జెనీవా నగరంలో హాబ్స్‌బర్గ్ ఫెల్డ్‌మన్ అనే సంస్థ దానిని వేలానికి పెట్టింది. ఆ వార్త భారత ప్రభుత్వానికి చేరి కేంద్ర నేరపరిశోధక సంస్థ విచారణ మొదలుపెట్టింది. పురావస్తువులను దేశం దాటించరాదన్న 1972 నాటి చట్టం ఉండనే ఉంది. విచారణ ఏళ్ళ తరబడి సాగినా మొహరు మాత్రం తిరిగి రాలేదు. 2022లో కూడా ప్రభుత్వం దానికోసం మళ్ళీ వెదుకుతున్నదని పత్రికలు రాశాయి. నాలుగు శతాబ్దాలు నిలిచిన వస్తువు ఒక్క అమ్మకపు ప్రయత్నంతో మన కంటికి మరుగైంది.

అదే వంశపు మరొక అమ్మకాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఉస్మాన్ అలీఖాన్ 1950ల ఆరంభంలో తమ నగలను ధర్మకర్తల నిధి కిందికి చేర్చారు. వాటిని విడివిడిగా విదేశీయులకు అమ్మాలా, ప్రభుత్వానికే ఇవ్వాలా అన్న తగవు న్యాయస్థానాలలో ఏళ్ళ తరబడి నలిగింది. చివరకు 1995లో భారత ప్రభుత్వం 173 నగలను దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్నది. బయటి అంగడిలో అంతకు ఎన్నో రెట్లు పలికేవని అనేవారున్నారు. కావచ్చు. కాని జేకబ్ వజ్రంతో సహా ఆ నగలన్నీ ఇవాళ్టికీ ఒక్క చోట ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు బారులుతీరి నిలుచుని చూసినవారిలో నేనూ ఒకణ్ణి. రెండూ అమ్మకాలే. ఒకదానిలో వస్తువు మనకు మిగిలింది, మరొకదానిలో మాయమైంది.

ఈ కథ చెప్పగానే మా మిత్రుడు నవ్వాడు. "మనదగ్గర పన్నెండు కిలోల నాణెం ఎక్కడిది మేష్టారూ!" అంటూ ఒక చిన్న కాగితపు పొట్లం విప్పాడు. అందులో విజయనగర వరహా. బాలకృష్ణుడిదిగా చెప్పే బొమ్మ, వెనుక నాగరిలో కృష్ణరాయల పేరు. బరువు మూడున్నర గ్రాములకు లోపే. 1980లలో బందరులో ఒక కంసాలి కరగబెట్టబోతుంటే బంగారం ధర ఇచ్చి తెచ్చుకున్నాడట. దాని వెంట రెండు పణాలు కూడా ఉన్నాయి. పది పణాలు ఒక వరహా. పణం పెసరబద్ద కన్న మరీ పెద్దది కాదు.

ఈ వరహా ఆయన జీవితంలో ఒక చిన్న పరాజయానికి గుర్తు. ఏదో జానపద చిత్రానికి నాణేలు చేయమంటే దీనిని నమూనాగా చూపాడట. చిటికెనవేలి గోరుకన్న కాస్త పెద్దగా ఉన్న ఆ బిళ్ళను చూసి, "ఇది తెర మీద ఆనదయ్యా" అన్నారట. అంతటితో ఇత్తడి రేకును రూపాయంత గుండ్రంగా కత్తిరించి, బంగారు రంగు పూసి, సంచీకి వంద చొప్పున నింపాడు. ఆ ఇత్తడి బిళ్ళలు కొన్ని ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. సంచీ నిండా వరహాలు విసిరే మంత్రికుమారుని చూసి పెరిగిన మనకు అసలు వరహా అంత చిన్నదన్న ఊహ రాదు.

ఇత్తడి బిళ్ళల పక్కనే మరో నాలుగు రాగి నాణేలు కనబడ్డాయి. ఒకవైపు రామపట్టాభిషేకం, మరొకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అన్న సంవత్సరం. కంపెనీవారు అటువంటి నాణెం ఏనాడూ వేయలేదు. లక్షలు పలుకుతుందని చెప్పి అమాయకులకు అంటగట్టే బిళ్ళలివి. వీటిని ముందుగా అమ్మేయవచ్చునా అని అడిగాడు. అమ్మరాదన్నాను. మోసపోవడం దురదృష్టం, ఆ మోసాన్ని మరొకరికి చేరవేయడం పాపం. వాటికంటే ఆయన చేసిన ఇత్తడి వరహాలే నయం, అవి ఎన్నడూ నిజమని చెప్పుకోలేదు.

ఇక వెండి. ఈ కుప్పే అన్నిటికంటే పెద్దది. ఇందులో రెండు రాజ్యాల రూపాయలు కలగాపులగంగా ఉన్నాయి. ఒకటి బ్రిటిషు ఇండియా కల్దారు రూపాయి, రెండు హైదరాబాదు హాలీ సిక్కా. రెండూ వెండి రూపాయలే కదా, ఒకే తూకాన వేస్తే పోలేదా అన్నాడు. పోదు. కల్దారు రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. అందులో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. చార్మినారు రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి దాదాపు 82 పాళ్ళే. లెక్క కడితే కల్దారులో 10.69 గ్రాముల వెండి, హాలీ సిక్కాలో 9.14 గ్రాములు. పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు, ఆ రోజులలో నూరు కల్దారు రూపాయలకు నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైల హాలీ ఇచ్చేవారు. అంటే ఆరింటికి ఏడు. పై రెండు వెండి బరువులను భాగించి చూడండి, ఇంచుమించు అదే నిష్పత్తి వస్తుంది. ఆ మారకపు ధర వెనుక దొరల దర్పమో నవాబుల అలసత్వమో వెతకనక్కరలేదు, త్రాసులోనే ఉంది జవాబు.

కల్దారులోనూ సంవత్సరం చూడాలి. యుద్ధకాలంలో వెండి కొరత వచ్చి 1940 నుండి రూపాయిలో వెండిని సగానికి దించారు. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ వచ్చింది. కాబట్టి విక్టోరియా, ఎడ్వర్డు, అయిదవ జార్జి బొమ్మలున్న అరిగిన రూపాయలను ఒక కుప్పగా, 1940 తర్వాతివాటిని మరో కుప్పగా వేశాం. రెండు సంవత్సరాలవాటిని మాత్రం వేరుగా తీశాం. ఒకటి 1911. అయిదవ జార్జి తొలి రూపాయి అది. రాజు ధరించిన హారంలోని ఏనుగు బొమ్మ పొట్టి తొండం మూలాన పందిలా కనబడుతున్నదని అలజడి రేగితే ఉపసంహరించి, 1912లో తొండం సరిదిద్ది మళ్ళీ వేశారు. రెండవది 1939. మిక్కిలి అరుదు, అందుచేతనే దొంగవి మిక్కిలి ఎక్కువ. మా మిత్రుని 1939లో చివరి అంకె చుట్టూ గీతలు కనబడ్డాయి. అది రామపట్టాభిషేకపు కుప్పలోకి చేరింది.

హాలీ సిక్కా కుప్ప దగ్గర మాత్రం ఒక సాయంత్రమంతా గడిచింది. హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదుకు మారింది. యంత్రాలపై తయారైన చార్మినారు రూపాయి ఆ కాలానిదే. నాణెం మీద చార్మినారు, పైన ఆసఫ్ జా పేరు, దానితో 92 అంకె. మహమ్మదు అన్న పేరులోని అక్షరాలకు సంఖ్యలు కట్టి కూడితే 92 వస్తుంది. చార్మినారు నడిమి ద్వారంలోకి భూతద్దంతో చూస్తే ఒక్క ఉర్దూ అక్షరం కనబడుతుంది. మీమ్ ఉంటే ఆరవ నిజాము మహబూబు అలీది, ఐన్ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాను అలీది. ఉస్మాను తొలి రూపాయలలో ఆ ఐన్ పొట్టిగా, సగమే కనబడుతుంది, తరువాతివాటిలో నిండుగా ఉంటుంది. ఒక్క అక్షరం మారితే ఒక రాజ్యకాలం మారుతుంది. ఆ రూపాయలు 1950ల దాకా మన పెద్దల చేతుల్లో మెలిగాయి, 1959లో పూర్తిగా చెల్లకుండా పోయాయి.

ఈ కుప్పను సంవత్సరాల వారీగా పేర్చాం. ఒకే సంవత్సరానివి అయిదారు ఉన్నచోట బాగున్న ఒకటి ఉంచి మిగిలినవి పక్కకు తీశాం. ఒక వరుస ఏర్పడింది. నడుమ కొన్ని సంవత్సరాలు లేకపోయినా అది వరుసే. దానిని విడదీస్తే ఒక్కొక్కటి మామూలు వెండి రూపాయి. కలిపి ఉంచితే అది ఒక టంకశాల చరిత్ర. ఆ టంకశాల పని 1997లో చర్లపల్లికి తరలిపోగా, సైఫాబాదు భవనంలో 2022లో ప్రదర్శనశాల తెరిచారు. ఆపరేషన్ అయ్యాక ఆవిడను కూడా తీసుకువెళ్ళి చూపించమన్నాను.

చివరికి పెట్టె అడుగున ఒక పాత వార్తాపత్రిక పొట్లం మిగిలింది. అందులో పది పన్నెండు సీసపు బిళ్ళలు, మట్టి కూడా పూర్తిగా వదలలేదు. అమ్మకానికి అడగబోతే ఒక వర్తకుడు వెండికి ధర చెప్పి, వీటిని కొసరుగా ఇచ్చేయమన్నాడట. "సీసమే కదా మేష్టారూ, ఇచ్చేద్దామనుకున్నా" అన్నాడు. నేను పొట్లం మీద రాసిన అక్షరాలు చదువుతున్నాను. గోదావరి ఒడ్డున ఒక ఊరి పేరు, ఒక తేదీ. షూటింగుకు స్థలాలు చూడబోయినప్పుడు వాన వెలిశాక ఒక పశువుల కాపరి ఏరి ఇచ్చినవట.

అప్పుడు ఆయనకు కోటిలింగాల కథ చెప్పాను. నేటి జగిత్యాల జిల్లాలో, గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉన్న ఊరు అది. శాతవాహనుల శాసనాలు నానేఘాటులో, నాసిక్‌లో ఉన్నందున వారి పుట్టిల్లు మహారాష్ట్రమని చాలామంది పండితులు నమ్మేవారు. 1970ల చివర స్థానిక చరిత్రాభిమాని సంగనభట్ల నరహరిశర్మ కోటిలింగాలలో ఏరి కూర్చిన నాణేలను పురాలిపి పండితులు పరబ్రహ్మశాస్త్రి చదివారు. గోబద, నారన, కంవాయ, సమగోప అని చరిత్ర అంతవరకు ఎరుగని రాజుల పేర్లు బయటపడ్డాయి. వాటితోపాటు శాతవాహన వంశకర్త సిముకుని పేరు కూడా కనబడింది. శాతవాహనుల తొలినాళ్ళ చర్చ గోదావరి తీరపు తెలంగాణం వైపు తిరిగింది. ఆ చర్చ నేటికీ ముగియలేదు కాని, కోటిలింగాలను తప్పించి ఇక ఎవరూ మాట్లాడలేరు. ఆ బిళ్ళలలో ఉన్న లోహానికి పిడికెడు బియ్యం కూడా రావు. అవి ఏ నేలలో దొరికాయో తెలియకుండా ఒక వర్తకుని గాజుపెట్టెలోకి చేరి ఉంటే, కొన్ని పేర్లు తెలిసేవేమో కాని, ఆ పేర్లు ఎక్కడివో తెలిసేది కాదు.

బంగారానికీ ఇదే నీతి. ఆదికవి నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుని బంగారు నాణేలు, నడుమ వరాహం, చుట్టూ తెలుగు అక్షరాలు ఉన్నవి, బర్మాలోని అరకాను తీరంలో, చెదూబా దీవిలో దొరికాయి. ఆయన పెదతండ్రి శక్తివర్మవీ అక్కడ ఉన్నాయి. రాజమహేంద్రవరపు బంగారం సముద్రం దాటి అంత దూరం ఎట్లా పోయింది? వేంగీ తీరపు వర్తకాన్ని గురించి ఆ ప్రశ్న మనచేత ఆలోచింపజేస్తున్నది కేవలం దొరికిన చోటు నమోదు కావడంవల్లనే. అదే నాణెం ఊరూ పేరూ లేకుండా వేలంలో కనబడితే అందమైన బంగారు రేకు మాత్రమే.

మూడవ సాయంత్రానికి వరుస తేలింది. మొట్టమొదట వెళ్ళవలసినవి అరిగిన కల్దారు రూపాయలు. వాటిని వెండి తూకానికి ఇచ్చినా చరిత్రకు చీమంత నష్టం లేదు. తరువాత జంటలు, మూడేసి ఉన్న హాలీ సిక్కాలు. ఇవి తూకానికి కాదు, సేకర్తలకు విడిగా. ఆపైన 1911 రూపాయి. అప్పటికీ చాలకపోతే వరహా, పణాలు. బంగారమని కాదు, అటువంటివి మరికొన్ని మన ప్రదర్శనశాలలలో భద్రంగా ఉన్నాయి గనుక. చార్మినారు వరుస అమ్మక తప్పని రోజు వస్తే మొత్తంగా ఒక్కరికే అమ్మాలి. సీసపు పొట్లం మాత్రం అమ్మకానికి కాదు. భూమిలో దొరికిన, పది రూపాయలకు పైబడిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలపాలని 1878 నుండీ చట్టం ఉంది. ఆ కాగితం ముక్కతో సహా దానిని పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు శాఖవారికి అప్పగించడమే మర్యాద.

మరి రెండు జాగ్రత్తలు కూడా రాసి ఇచ్చాను. నూరేళ్ళు దాటిన నాణేన్ని విదేశానికి పంపమని ఎవరు ఎంత ఆశపెట్టినా పంపరాదు, అది నేరం. అమ్మేది అనుమతిపత్రం ఉన్న వర్తకుని వద్దనే అమ్మాలి. రెండవది, ఏది గడప దాటినా దాటేముందు రెండు వైపులా ఫొటో తీసి, తూచి, ఎక్కడ కొన్నదీ ఎప్పుడు కొన్నదీ పుస్తకంలో రాయాలి. నాణెం పోయినా ఆ పుట మిగులుతుంది. మీ ఇళ్ళలోని డబ్బాల విషయంలో కూడా, అమ్మే తలంపు ఉన్నా లేకున్నా, ఈ ఒక్క పని చేయమని చదువరులను కోరుతున్నాను. చెప్పగలిగిన పెద్దలు ఉండగానే చేయాలి.

కల్దారు రూపాయలు, జంట సిక్కాలు గత వారం వెళ్ళిపోయాయి. కావలసిన సొమ్ములో సగం దాటింది. మిగిలినదానికి వరహా తప్పేటట్టు లేదు. నేను కాస్త బాధగా చూస్తే, ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. "పోనివ్వండి మేష్టారూ, దాని తోబుట్టువులు మ్యూజియంలో ఉన్నాయిగా. మా ఆవిడ మెట్లెక్కగలిగితే ఇద్దరం వెళ్ళి చూసొస్తాం." అని, కంసాలి దగ్గర కొన్న సంగతి పుస్తకంలో రాయడానికి కళ్ళజోడు వెతుక్కున్నాడు.